సూక్ష్మజీవులు గల కాంక్రీటు: భయపడవలసినదేమి?

"ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు" అను సామెత తెలుఁగువారందఱికిని తెలిసినదే. కట్టుట యెంత కష్టమో పెద్దలు ఈ మాటలోఁ జెప్పిరి. కట్టినదానిని కాపాడుకొనుట అంతకంటెను గష్టము. మేస్త్రీ పని ముగించి కూలి పుచ్చుకొని పోయిన మఱునాఁటినుండియే ఎండయు, వానయు, గాలియు తమ పని మొదలుపెట్టును. ఆ పనికి మొదటి గుర్తు గోడమీఁది బీట.

శంషాబాదు వైపు ఒకమాఱు దృష్టి సారించినచో ఈ సంగతి యెంత పెద్దదో బోధపడును. 2008వ సంవత్సరము మార్చి నెలలో అచ్చట విమానాశ్రయము తెఱవఁబడినది. దాని ప్రధానమైన రన్‌వే 4,260 మీటర్ల పొడవును, 60 మీటర్ల వెడల్పును గలది. 2009వ సంవత్సరము అక్టోబరులో మెహదీపట్నమునుండి ఆరాంఘరు వఱకు స్తంభములపై నిలిచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 11 కిలోమీటర్లకు మించిన నిడివితో సిద్ధమయ్యెను. నగరమును చుట్టి వచ్చు ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు గలది. ఇన్ని వంతెనలను, స్తంభములను, కాలువలను, అంతస్తులను నిత్యము కనిపెట్టి చూచుట సామాన్యమైన పని కాదు. విమానములు నిలుచు తావున చిన్న పెళ్ళ యొకటి యూడివచ్చినను, అది ఇంజనులోనికిఁ బీల్చఁబడి కీడు కలిగింపవచ్చును. మరమ్మతు చేయుదమన్నచో రాకపోకలు నిలుపవలయును. కావుననే తన బీటను తానే పూడ్చుకొను కాంక్రీటు ఇంజనీర్లను మిక్కిలి ఆకర్షించుచున్నది.

ఆ పూడ్చుపనిని కొన్ని పద్ధతులలో సూక్ష్మజీవులకు అప్పగింతురు. ఈ మాట విన్నతోడనే తల్లిదండ్రులకు సందేహము కలుగును: "రోగములు తెచ్చు క్రిములను గోడలలోఁ బెట్టుదురా? పిల్లలు ఆ గోడల నానుకొని కూర్చుందురు గదా!" ఇది నవ్వి త్రోసివేయఁదగిన ప్రశ్న కాదు. అట్లని వెఱచి తలుపు మూయవలసిన ప్రశ్నయుఁ గాదు. దీనిని విడఁదీసి, ఏ భయము నిజమో, ఏది కాదో తెలిసికొందము.

మొదట బీట యేల పుట్టునో చూతము. కాంక్రీటు నొక్కుడునకు బలమైనది, లాగుడునకు బలహీనమైనది. ఏనుఁగు నెక్కించినను ఓర్చుకొనును గాని ఇరుప్రక్కలనుండి లాగినచో తెగును. అందుచేతనే లాగుడు పడుచోట ఉక్కుకమ్ములు పెట్టుదురు. సిమెంటు గట్టిపడి ఆఱునపుడు కొంచెము కుంచించుకొనును. మే నెల యెండకు ఉబ్బి, రాత్రి చల్లఁదనమునకు ముడుచుకొనును. ఈ లాగులాటలో వెండ్రుకవంటి బీటలు పుట్టుట సహజము. కాంక్రీటు పనులకు మన దేశమున ప్రమాణమైన ఐ.ఎస్. 456 అను నియమావళి (2000) సాధారణమైన చోట్ల 0.3 మిల్లీమీటరు, తేమ తగులుచుండు భాగములలో 0.2 మిల్లీమీటరు వెడల్పు మించరాదని చెప్పుచున్నది. అంతకు మించినచో నీరును గాలియు లోపలికిఁ బోయి కమ్మిని తుప్పు పట్టించును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక అది లోపల ఉబ్బి పైకాంక్రీటును పెళ్ళగించును. బీట చిన్నది, దానివెంటఁ బోవు నీరు పెద్ద శత్రువు.

బీట తనంతటఁ దాను పూడుకొనుట క్రొత్త వింత కాదు. 1591లోఁ గట్టఁబడిన చార్మినారు సున్నపు గచ్చుతో నిలిచినది. గచ్చులో సన్నని బీట పుట్టినపుడు వాననీరు అందలి సున్నమును కొంచెము కరఁగించి సందులోనికిఁ దెచ్చును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దానితోఁ గూడి సున్నపురాయిగా మాఱి సందును పూడ్చును. తేరిన సున్నపునీటిలోనికి గొట్టముతో ఊఁదినపుడు ఆ నీరు పాలవలె తెల్లనగుట విద్యార్థులు ప్రయోగశాలలోఁ జూచియే యుందురు. ఆ తెల్లఁదనమే సున్నపురాయి పొడి. ప్రాచీన రోము కట్టడములలోని సున్నపు ముద్దలును ఇట్టి మరమ్మతునకుఁ దోడ్పడినవని అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకుఁ జెందిన శాస్త్రజ్ఞులు 2023లోఁ బ్రకటించిరి. నేఁటి సిమెంటు కాంక్రీటునకును ఈ గుణము కొంత గలదు. కాని అది మిక్కిలి సన్నని బీటలకు మాత్రమే చాలును.

ఆ కొఱఁతను తీర్చుటకే సూక్ష్మజీవులను పనికిఁ బెట్టుకొనిరి. అమెరికాలోని దక్షిణ డకోటా గనుల విద్యాలయమున, గొల్లపూడి యను మనకుఁ బరిచితమైన ఇంటిపేరు గల పరిశోధకులును వారి సహచరులును, నీరు కాఱు సందులను సూక్ష్మజీవులచేఁ బూడ్పించు విధానమును 1995లోఁ బ్రకటించిరి. 2001లో అచ్చటనే రామచంద్రన్, రామకృష్ణన్, బాంగ్ అనువారు దానిని కాంక్రీటు బీటలపైఁ బరీక్షించిరి. హాలెండు దేశమున డెల్ఫ్టు విశ్వవిద్యాలయపు హెంక్ యాంకర్సు 2006 ప్రాంతమునుండి, బీట పుట్టిన పిదప మేల్కొని పనిచేయు సూక్ష్మజీవులపైఁ గృషి చేసెను. మన హైదరాబాదు నగరమును ఈ విషయమున వెనుకఁబడలేదు. కూకట్‌పల్లిలోని జవాహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున ఆచార్య ఎం.వి. శేషగిరిరావుగారును, ఆచార్య సి.హెచ్. శశికళగారును, వారితోడి పరిశోధకులును బాసిల్లస్ సబ్టిలిస్ అను సూక్ష్మజీవిని కలిపిన కాంక్రీటుపైఁ బరిశోధనలు చేసి, 2010 మొదలుకొని ఫలితములను ప్రకటించుచు వచ్చిరి. వారు వాడిన రకమునకు జె.సి. 3 అని పేరు. కలుపు నీటిలో ఒక్కొక్క మిల్లీలీటరునకు ఒక లక్ష జీవకణములు ఉండునట్లు చేసినచో ఫలితము మిక్కిలి బాగుండెనని వారు చూపిరి. ఒకరు కట్టడముల శాస్త్రము నెఱిఁగినవారు, మఱియొకరు సూక్ష్మజీవుల శాస్త్రము నెఱిఁగినవారు. ఈ పనికి ఇద్దఱును వలయును.

ఈ జీవులు కాంక్రీటులో ఎట్లు బ్రదుకును? కాంక్రీటు లోపలి తేమ మిక్కిలి క్షారము, దాని పి.హెచ్. విలువ 12, 13 వఱకు నుండును. సామాన్యమైన క్రిములు అందులో నిలువలేవు. కాని కొన్ని బాసిల్లస్ జాతులు కష్టకాలము వచ్చినపుడు తమ సారమంతయు ఒక గట్టి పెంకులో దాఁచుకొని నిద్రపోవును. వీనికి సిద్ధబీజములని పేరు. 1872లో బాసిల్లస్ సబ్టిలిస్‌కు ఆ పేరు పెట్టిన జర్మను శాస్త్రజ్ఞుఁడు ఫెర్డినాండు కోన్ 1876లో ఈ సిద్ధబీజములను వర్ణించెను. వడ్లగింజ గాదెలో నిద్రించి, తొలకరి తగిలిన మీఁదట మొలకెత్తినట్లే, ఇవియు బీటగుండ నీరును ప్రాణవాయువును తగిలినపుడు మేల్కొనును. తమకొఱకు ఉంచిన ఆహారమును తిని, సున్నపురాయిని తమచుట్టు పేర్చుకొనును. సందు పూడి నీరు ఆగినంతనే మరల నిద్రించును, లేదా చచ్చును.

ఇఁక మన ప్రశ్నలకు వత్తము. మొదటి ప్రశ్న: ఏ సూక్ష్మజీవి? పాము అన్నమాత్రమున నాగుపామును నీరుకట్టెయు ఒక్కటి కావు. అట్లే బాసిల్లస్ అను ఇంటిపేరు గల జీవులన్నియు ఒక్కటి కావు. పశువులను చంపు దొమ్మరోగము తెచ్చునది ఆ కుటుంబములోని ఆంథ్రాసిస్ అను జాతి. పాచిపోయిన అన్నము తిన్నవారికి వాంతులు కలిగించునది సీరియస్ అను జాతి. కాని సబ్టిలిస్ మట్టిలోను ఎండుగడ్డిలోను ఎల్లప్పుడు నుండునది. జపానువారు ఉడికించిన సోయా గింజలను ఈ జాతిచేతనే పులియఁబెట్టి నత్తో అను పేర తిందురు. పాశ్చరు పండితుని పేరు గల స్పోరోసార్సినా పాశ్చరియై అనునదియు నేలలో నుండునదే. ప్రయోగశాలలలో దానిని అపాయము మిక్కిలి తక్కువగల మొదటి తరగతిలోఁ జేర్చిరి. బెల్జియము దేశమున గెంటు విశ్వవిద్యాలయమువారు వాడిన స్ఫేరికస్ అను జాతికి బంధువులైన రకములను దోమపిల్లలను చంపుటకు నీటిగుంటలలోఁ జల్లుట గలదు.

అయినను ప్రయోగములన్నియు ఇంత సాధుజీవులతోనే జరుగలేదు. 2001 నాఁటి ప్రయోగములలో సూడోమోనాస్ ఎరుగినోసా అను జీవినిఁగూడ పరీక్షించిరి. అది కాలిన గాయములలోను, బలహీనుల ఊపిరితిత్తులలోను చేరి కీడు చేయఁగలది. ప్రయోగశాల నాలుగు గోడల నడుమ దానిని పరీక్షించుట వేఱు, బడి గోడలోఁ బెట్టుట వేఱు. కావున "బాక్టీరియా కాంక్రీటు" అను పేరు మాత్రమే విని మెచ్చుకొనుటయుఁ దగదు, భయపడుటయుఁ దగదు. జాతి యేది, రకమేది, ఎక్కడనుండి తెచ్చిరి అని అడుగవలయును. చండీగఢ్ నగరమున సూక్ష్మజీవులను గుర్తించి భద్రపఱచు సంగ్రహాలయము గలదు. అట్టిచోటినుండి పేరును సంఖ్యయు గల రకమును తెచ్చుట ఒక పద్ధతి. ఎక్కడిదో తెలియని పులిసిన ద్రవమును డబ్బాలో నింపి తెచ్చుట మఱియొక పద్ధతి. రెండవదానిని ఎవ్వరును అంగీకరింపరాదు.

రెండవ ప్రశ్న: ఎన్ని? లక్ష, కోటి అను సంఖ్యలు వినఁగనే గుండె దడదడలాడును. లెక్క వేసి చూతము. మిల్లీలీటరునకు లక్ష యన్నచో లీటరునకు పది కోట్లు. ఒక ఘనమీటరు కాంక్రీటునకు సుమారు 180 లీటర్ల నీరు పట్టును. అనఁగా 1,800 కోట్ల జీవకణములు. ఇది మహాసంఖ్యయే. కాని సారవంతమైన మట్టి ఒక్క గ్రాములోనే పది కోట్లనుండి నూఱు కోట్ల వఱకు బాక్టీరియా ఉండుట సామాన్యము. కావున ఒక ఘనమీటరు కాంక్రీటులోఁ గలిపినన్ని జీవకణములు మన తోఁటలోని దోసెడు మట్టిలో నున్నవి. పిల్లలు దినమెల్ల ఆడుకొను మట్టికంటె ఆ గోడ సంఖ్యచేత భయంకరమైనది కాదు. పైఁగా అవి గట్టిపడిన రాయిలోఁ జిక్కుకొనియుండును.

మూఁడవ ప్రశ్న: ఎవరికి అపాయము? గోడ నానుకొన్నవానికంటె ముందు, ఆ గోడను కట్టినవానిఁ దలఁచుకొనవలయును. సిద్ధబీజములను ఎండు పొడిగాఁ దెచ్చి కలుపునపుడు ఆ పొడి ముక్కులోనికిఁ బోవును. చేతిమీఁది గాయములలోఁ బడును. ఆరోగ్యవంతుని శరీరము దానిని తేలికగా నెదుర్కొనును. రోగనిరోధశక్తి క్షీణించినవారికి మాత్రము సబ్టిలిస్ వంటి సాధుజీవియు అరుదుగా జబ్బు తెచ్చుట కలదు. కావున ముక్కునకు మాస్కును, చేతులకు తొడుగులును వలయును. పొడికంటె తడిగాఁ గలుపుట మేలు. పోషకద్రవపు పాత్రలపై మూఁత ఉండవలయును. ఏలయన ఆ ద్రవము మన జీవికేగాక గాలిలోఁ దిరుగు ప్రతి క్రిమికిని విందుభోజనమే.

ఇచ్చట మఱచిపోరాని సంగతి యొకటి యున్నది. సూక్ష్మజీవులు లేని సామాన్యమైన సిమెంటే కూలివాని చర్మమును కాల్చును. పాదములకు పుండ్లు తెచ్చును. రాయి కోయునపుడు లేచు ఇసుకధూళి ఊపిరితిత్తులను రాయిగాఁ జేయు సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దాని కీడు మరల మానునది కాదు. శంషాబాదు ప్రాంతమున బయటి ఊళ్లనుండి వచ్చి, తట్టలు మోసి, వంతెనలు కట్టిన కూలీలలో ఎందఱు మాస్కు ధరించి పనిచేసిరో మనము త్రోవను బోవుచుఁ జూచినదే. క్రొత్త క్రిమికి భయపడి పాత ధూళిని మఱచుట వివేకము కాదు. సూక్ష్మజీవులకొఱకుఁ దెచ్చిన మాస్కు ధూళినిఁగూడ ఆపినచో అది రెండింతల లాభము. ముప్పది యేండ్ల పిదప ఆ కట్టడమును కూలఁగొట్టువారికిని ఈ జాగ్రత్తయే వలయును. నీళ్లు చల్లి ధూళి అణఁచి పడఁగొట్టుట ఏ కాంక్రీటునకైనను మంచి పద్ధతి.

నాలుగవ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. కాని దీనిని అడుగువారు తక్కువ. జీవిని గుఱించి అందఱును అడుగుదురు, దాని యాహారమును గుఱించి అడుగరు. కొన్ని పద్ధతులలో యూరియాను ఆహారముగా నిత్తురు. మన రైతులు పొలమున వేయు యూరియాయే అది. సూక్ష్మజీవి దానిని విడఁగొట్టి ఒకవంక కార్బొనేటును, మఱియొకవంక అమ్మోనియాను పుట్టించును. రసాయనశాస్త్రపు లెక్క ప్రకారము ఒక కిలోగ్రాము సున్నపురాయి తయారగుటకు 600 గ్రాముల యూరియా వలయును. దానితోఁ బాటు 340 గ్రాముల అమ్మోనియా పుట్టును. శుభ్రము లేని పశువుల కొట్టములో కన్నులు మండించు వాసన దానిదే. ఆరుబయట అది గాలిలోఁ గలిసిపోవును. నేలమాళిగలలోను, సొరంగములలోను పనివారి కన్నులను గొంతును బాధించును. నీటిలోఁ గలిసినచో నేలలోని ఇతర సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. మించినచో పసిపిల్లల రక్తము ప్రాణవాయువును మోయఁజాలక వారి దేహము నీలివర్ణమగును.

శంషాబాదువారికి ఈ సంగతి పరాయిది కాదు. 1908 నాఁటి మూసీ వఱదల పిదప నగరమును కాపాడుటకై కట్టఁబడిన జలాశయములు రెండు: 1920లో మూసీపై ఉస్మాన్ సాగరు, 1927లో ఈసీపై హిమాయత్ సాగరు. ఆ రెంటికి వచ్చు నీరు చెడకుండ 1996లో ప్రభుత్వమువారు 111వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించి, చుట్టునున్న 84 గ్రామములలోఁ గట్టడములను నియమించిరి. శంషాబాదు మండలపు గ్రామములు పెక్కు ఆ పట్టికలో నుండెను. 2022లో ఆ కట్టుబాట్లను సడలించుచు మఱియొక ఉత్తరువు వెలువడినది. ఉత్తరువులు మాఱవచ్చును, వాన పల్లమునకే పాఱును. ఈ నేలపై యూరియా పద్ధతితోఁ బెద్ద యెత్తునఁ బనిచేయఁదలఁచినవారు, ఆ కడుగునీరు ఏ కాలువలోఁ బడి ఏ చెఱువును చేరునో మొదట చూపవలయును. డెల్ఫ్టువారు వాడిన కాల్షియం లాక్టేటు పద్ధతిలో అమ్మోనియా పుట్టదు. వెల యెక్కువైనను, త్రాగునీటి చెఱువుల చేరువ ఆ భేదమును లెక్కలోనికిఁ దీసికొనవలయును.

ఆహారమువలన కట్టడమునకే కీడు కలుగుటయుఁ గలదు. ప్రయోగములలో చౌకగా దొరకు కాల్షియం క్లోరైడును వాడుదురు. దానిలోని క్లోరైడు ఉక్కుకమ్మికి విషము వంటిది. కమ్ములు గల కాంక్రీటులో ఘనమీటరునకు 0.6 కిలోగ్రాము మించి క్లోరైడు ఉండరాదని ఐ.ఎస్. 456 చెప్పుచున్నది. బీటను పూడ్చఁబోయి కమ్మిని తినివేయించుట, చీమను చంపఁబోయి ఇల్లు తగులఁబెట్టుకొనుటయే యగును. ఈస్టుసారము మున్నగు పోషకములు సిమెంటు గట్టిపడుటను ఆలస్యము చేయును. పూర్వులు సున్నపు గచ్చులో బెల్లపు నీరు కలిపి మేలు పొందిరి. కాని సిమెంటులో కొంచెము చక్కెర పడినను అది సరిగా గట్టిపడదని మేస్త్రీలకుఁ దెలియును. అందుచేతనే కలుపు నీటిలో సేంద్రియ పదార్థము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించరాదని ఆ నియమావళియే పరిమితి పెట్టినది. పోషకము కలిపినపుడు ఈ పరిమితి దాఁటుట తేలిక. కావున ముందుగాఁ బరీక్షింపక పని మొదలుపెట్టరాదు.

అయిదవ ప్రశ్న: ఈ జీవులు బయటఁబడి వ్యాపించునా? మట్టిలోనుండి వచ్చినవి మట్టిలోఁ బడిన క్రొత్తగాఁ గలుగు ఉపద్రవము తక్కువ. కాని జన్యువులను మార్చిన జీవి అయినచో సంగతి వేఱు. అట్టివానిని గుఱించి మన దేశమున 1986 నాఁటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1989లో నియమములు చేయఁబడినవి; అనుమతి లేక వానిని బయట వాడరాదు. మందులకు లొంగని గుణము గల రకములనుఁగూడ విడిచిపెట్టవలయును. ఆ గుణము ఒక సూక్ష్మజీవినుండి మఱియొకదానికి సంక్రమింపవచ్చును. మఱియొక వింత యున్నది. సిమెంటులో నేరుగాఁ గలిపిన సిద్ధబీజములు, అది గట్టిపడి సందులు ఇఱుకైన కొలఁది నలిగి, కొలఁది నెలలలోనే చాలవఱకు నశించునని యాంకర్సు పరిశోధనలలోఁ దేలినది. అందుచేతనే వానిని కాల్చిన మట్టిగుండ్లలోఁ బెట్టి కాపాడు ఉపాయమును కనుఁగొనిరి. భయపడు తల్లికి ఓదార్పు కలిగించు ఆ మరణమే ఇంజనీరునకు నిరాశ కలిగించుచున్నది.

ఇఁక కడపటి ప్రశ్న. నా యెఱిఁగినంతలో అన్నిటికంటెఁ బెద్ద అపాయము ఇందులోనే యున్నది. అది క్రిమినుండి పుట్టినది కాదు. మన సోమరితనమునుండి పుట్టునది. "తానే మానుకొను కాంక్రీటు" అను పేరు వినఁగనే, ఇఁక చూడనక్కఱలేదని మనుష్యుఁడు అనుకొనును. ఎంత వెడల్పు వఱకు మానును? 2011లో డెల్ఫ్టువారు ప్రకటించిన ప్రయోగమున, నీటిలో నూఱు దినములు ఉంచిన పిదప, సూక్ష్మజీవులు గల కాంక్రీటులో 0.46 మిల్లీమీటరు వెడల్పు బీటలు పూడెను. అవి లేని దానిలో 0.18 మిల్లీమీటరు వఱకే పూడెను. ఇది మెచ్చుకొనఁదగిన ఫలితమే. కాని అది నీటిలో నుంచిన కాంక్రీటు. హైదరాబాదున ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. అందులో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వఱకే. తక్కిన నెలలలో ఎండిన బీటలోని జీవి నిద్రలోనే యుండును. మిక్కిలి వెడల్పైన బీటను పూడ్చుట దానికిఁ గష్టము.

అంతేకాక, బీట యనునది రోగము మాత్రమే కాదు. రోగము తెలుపు దూతయుఁ గూడ. ఎండవలనఁ గలిగిన బీటను సూక్ష్మజీవి పూడ్చవచ్చును. పునాది క్రుంగుటచేతఁ గాని, మోయరాని బరువు మోయుటచేతఁ గాని స్తంభమున బీట పుట్టినచో, పైకి తెల్లని సున్నపురాయి పూసినంత మాత్రమున లోని బలము తిరిగిరాదు. జ్వరము తగ్గించు మాత్ర వేసికొని వైద్యునికడకుఁ బోవుట మానినవాని గతియే ఆ కట్టడమునకుఁ బట్టును. ఎక్స్‌ప్రెస్ వే క్రింద దినమునకు వేలకొలఁది జనులు నడచుచుందురు. తోపుడుబండ్లవారు ఆ నీడలోనే నిలిచి పండ్లు అమ్ముకొందురు. వారి తలలపై నున్నదానిని కాపాడు బాధ్యతను కంటికిఁ గానరాని జీవికి అప్పగించి మనము నిద్రింపరాదు. బీట కనఁబడిన దినము, దాని పొడవు వెడల్పులు, అది పెరిగెనో లేదో వ్రాసి పెట్టుకొను ఇంజనీరు ముందును వలయును, ఇఁకమీఁదటను వలయును.

కావున ఏమి చేయవలయును? ఇట్టి కాంక్రీటును మన ప్రాంతమునకుఁ దేఁదలఁచినచో, మొదట మనుష్యుల తలపై నుండని చోట మొదలిడుట మంచిది: వాననీటి కాలువ, ప్రహరీగోడ, బండ్లు నిలుపు గచ్చు మున్నగునవి. ప్రక్కనే సామాన్యమైన కాంక్రీటుతో అంతే భాగము పోసి, రెంటిని నాలుగైదు వానకాలములు పోల్చి చూడవలయును. చేరువలోని బావులనీటిని పనికి ముందును పిదపను పరీక్షింపవలయును. వాడిన జీవి పేరును, ఆహారమును, కొలఁతలను పలకపై వ్రాసి అందఱును చదువఁగలుగునట్లు ఉంచవలయును. దాఁపఱికము లేనిచోట భయమునకుఁ జోటు తక్కువ.

విద్యార్థులారా! పాఠశాలలో జీవశాస్త్రము ఒక గంట, రసాయనము ఒక గంట, భౌతికశాస్త్రము ఒక గంట నేర్చుకొందురు. ఈ చిన్న బీటలో ఆ మూఁడును ఒక్కచోటఁ గలిసినవి. జీవిని తెలిసినవాఁడు దాని యాహారమును విచారింపనిచో చెఱువు చెడును. రసాయనము తెలిసినవాఁడు కమ్మిని మఱచినచో కట్టడము చెడును. కట్టడము తెలిసినవాఁడు కూలివాని ఊపిరిని మఱచినచో మనుష్యుఁడే చెడును. రేపు మీలో కొందఱు ఇంజనీర్లు, కొందఱు వైద్యులు, కొందఱు మేస్త్రీలు కావచ్చును. "ఇందులో క్రిమి యున్నదా?" అని మాత్రము అడిగి ఊరకుండక, "ఏ క్రిమి? ఏమి తినును? ఏమి విడుచును? ఆ నీరు ఎక్కడికిఁ బోవును? బీటను చూచుచుండు మనుష్యుఁడెవఁడు?" అనియు అడుగుఁడు. ఆ ప్రశ్నలకు సరియైన సమాధానములు దొరికినచోట ఆ చిన్న జీవి మనకు మంచి పనివాఁడు కాఁగలదు. సమాధానము దొరకనిచోట పాత పద్ధతిలో బీటను వెదకి, కడిగి, గచ్చుతోఁ బూడ్చుకొనుటయే క్షేమము.